బ్యాగు సర్దుకునే ముందు ఇది చదువు చిట్టీ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు కొనాల్సిన లిస్టు చదువుతుంటే ఊఁ కొడుతూ విన్నాను గానీ, పడుకున్నాక నిద్ర పట్టలేదమ్మా. ఆ లిస్టే బుర్రలో తిరిగింది. అందుకే పొద్దున్నే లేచి టీ తాగి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, పొడుగైపోద్ది, తీరిగ్గా చదువు. నువ్వు పైలట్‌గా ప్యాసింజర్ల విమానం ఎక్కే లైన్ ట్రైనింగ్‌కి ఇంకా పది రోజులుంది కదా, ఈ లోపల తొందరపడి ఏదీ ఆర్డర్ పెట్టకు.

విమానం నడపడం నాకు తెలీదు. కానీ డ్యూటీ బ్యాగు సర్దుకుని అర్ధరాత్రి ఇల్లు వదిలి వెళ్ళడం రైల్వే గార్డుగా ముప్పై రెండేళ్ళు చేశాను, ఆ ఒక్క విషయంలో నా మాట విను.

నా లైన్ బాక్సు గుర్తుందా, వరండాలో ఉండేది, ఇనప పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు, కింద రాయగడ అని. అందులో డిటొనేటర్లు పది (పట్టాల మీద పెడితే, పైకెక్కిన బండికి టపాసులా పేలి ఆగమని చెప్పేవి), ఎర్ర జెండాలు రెండు, పచ్చది ఒకటి, చేతి దీపం, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, రూల్ బుక్కులు. నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు, శ్రావణంలో, కోరాపుట్ నుంచి గూడ్సు తెస్తున్నాం. లక్ష్మీపూర్ రోడ్ దాటాక ఘాట్‌లో బ్రేకు పైపు ఊడి బండి ఆగిపోయింది. కుంభవృష్టి, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. బండి అలా ఆగితే గార్డు వెనక్కి నడిచి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు పెట్టాలి, అది రూలు. దీపం స్విచ్చి నొక్కితే వెలగలేదు. విప్పి వేలు పెట్టి చూస్తే సెల్స్ కారిపోయి స్ప్రింగుకి జిగురుగా అతుక్కుపోయి ఉన్నాయి, వేలి కొసంతా గరగరమని పొడి. కొత్త సెల్స్ ఉన్నాయి, లేకేం, కానీ అవి బాక్సు అడుగున, రూల్ బుక్కుల కింద, ఎక్కడో ఒక మూల. ఆ చీకట్లో, బ్రేక్ వ్యాన్‌లో మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె మొత్తం తడుముకున్నాను. గోరుతో స్ప్రింగు గీకి, బనీను కొసతో తుడిచి, కొత్తవి వేసి దిగేసరికి ఎన్ని నిమిషాలు పట్టిందో, నాకైతే ఒక గంటలా అనిపించింది. ఆ రాత్రి ఏమీ జరగలేదు, వెనకాల బండి లేదు. కానీ నా చేతులు వణికిన సంగతి మీ అమ్మకి కూడా చాన్నాళ్ళు చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి రిటైరయ్యే రోజు దాకా నా పెట్టెలో ప్రతీ వస్తువుకీ ఒకటే చోటు. ఇంటి దగ్గర బయల్దేరే ముందు దీపం ఒకసారి వెలిగించి ఆర్పడం, అంతే. నువ్వు కూడా అలాగే చెయ్యమ్మా. కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే టార్చ్ దొరకాలి, లైసెన్సు దొరకాలి, పెన్ను దొరకాలి. సర్దుకున్నాక నిజంగా కళ్ళు మూసుకుని ఒకసారి తీసి చూడు.

టార్చ్ అన్నాను కాబట్టి ముందు అదే చెప్తాను. విమానం చుట్టూ తిరిగి చెకింగ్ చేస్తారు కదా, వాకరౌండ్ అన్నావు, రాత్రిపూట, వానలో, చక్రాల గూట్లోకి తొంగి చూడాలంటే ఫోన్ లైటు చాలదు. చిన్నదైనా గట్టి ఎల్ఈడీ టార్చ్ ఒకటి కొను, ఇంకో చిన్నది బ్యాగులో వేరే అరలో పెట్టు. సెల్స్‌వి కొంటే వాడనప్పుడు బయటికి తీసి కవర్లో ఉంచు. నేను నేర్చుకున్నది నువ్వు మళ్ళీ నేర్చుకోవక్కర్లేదు. దాంతోపాటు రిఫ్లెక్టర్ జాకెట్, చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్. వెనక తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజను మోత గురించి నువ్వే చెప్పావు, మా కాలంలో డీజిల్ ఇంజన్ పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను, ఇప్పుడు టీవీ సౌండు వీధి చివరిదాకా వినిపిస్తాది వాళ్ళింట్లో.

సూట్‌కేసు దగ్గర మాత్రం డబ్బులకి చూడకు. లోన్ ఉందని నాకూ తెలుసు, అయినా ఇది రోజూ లాగేది. నీకో సంగతి తెలుసా, చక్రాలూ పొడుగు హ్యాండిలూ పెట్టి పెట్టెను నిలబెట్టి లాగే పద్ధతి 1987లో కనిపెట్టింది ఒక పైలటే, నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో రాబర్ట్ ప్లాత్ అని. ముందు పైలట్లూ క్యాబిన్ క్రూ వాడారు, వాళ్ళ చేతుల్లో చూసి ప్యాసింజర్లు కూడా కావాలన్నారు. మాకు మాత్రం ఆ ఇనప బాక్సు బాక్స్ పోర్టర్ నెత్తిన పెట్టుకుని మోసేవాడు, పాపం, ట్రాలీ బ్యాగులు అనే మాట నేను రిటైరయ్యే ముందు వినపడింది. సరే, నాలుగు చక్రాలది షాపులో నున్నటి ఫ్లోర్ మీద అందంగా జారుద్ది గానీ క్రూ వ్యాన్‌లో బ్రేకు వేస్తే అటూ ఇటూ పరిగెడుద్ది, చిన్న చక్రాలు తారురోడ్డు గతుకుల్లో తొందరగా పోతాయి. రెండు పెద్ద చక్రాలది, చక్రం స్క్రూతో బిగించినది, రివెట్ కొట్టినది కాదు, అది చూసి తీసుకో. చక్రం అరిగితే చక్రమే మార్చుకోవచ్చు. ముందు వైపు హుక్కు ఉంటే ఫ్లైట్ బ్యాగు దానికే తగిలించుకోవచ్చు, భుజం నొప్పి ఉండదు.

ఫ్లైట్ బ్యాగు పెద్దది వద్దు. ఒకప్పుడు చార్టులూ మాన్యువల్సూ కాగితాల్లో ఉండేటప్పుడు ఆ బ్యాగు ఒక్కటే 16 కిలోలు తూగేదట, 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు అవన్నీ తీసేసి ఐప్యాడ్‌లోకి మార్చారు. ఇప్పుడు నీకూ ఐప్యాడే కదా. కాబట్టి మోయాల్సింది తక్కువే, పెద్ద బ్యాగు కొంటే ఖాళీ ఉందని ఏదో ఒకటి నింపుతావు, చిన్నప్పుడు స్కూల్ బ్యాగుతో చేసినట్టు. ఐప్యాడ్ ఎండలో పెట్టకు, వేడెక్కితే అదంతటదే ఆగిపోద్ది, అవసరమైన టైముకి. పవర్ బ్యాంక్ మాత్రం లెక్క చూసి కొను, 100 వాట్ అవర్ లోపల ఉండాలి, ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వస్తాది, 20,000ది అయితే 74, సరిపోద్ది. చెకిన్ సామానులో పొరపాటున కూడా వెయ్యొద్దు, దగ్గరే ఉంచుకో.

హెడ్‌సెట్ మీద నీకు మనసుందని తెలుసు. కొంచెం ఆగు. నువ్వు నేర్చుకునేటప్పుడు నడిపిన చిన్న విమానం సెస్నాలో వాడినదానికి రెండు పిన్నులు, ఎయిర్‌బస్‌కి ప్లగ్గే వేరు, ఆ గుండ్రటిది. కంపెనీ విమానంలోనే హెడ్‌సెట్లు ఉంటాయి, అవి పెట్టుకుని ఒక నెల ఎగురు, చెవులు నొప్పి పెడితే అప్పుడు కొందువుగాని, మొదటి జీతంలో నుంచి నేనే కొనమంటాను. నలుగురు తలల మీద పెట్టుకున్నది కదా, తుడుచుకోవడానికి వైప్స్, సొంత ఇయర్ కుషన్ కవర్లు ఉంచుకో, అవి పెద్ద ఖరీదేం కాదు.

కళ్ళద్దాలు. ఇది ముఖ్యం. కూలింగ్ గ్లాసులు పోలరైజ్డ్ వద్దేవద్దు, ఆ అద్దాల్లోంచి చూస్తే కొన్ని స్క్రీన్లు నల్లగా కనపడతాయి, విండ్‌స్క్రీన్ మీద రంగురంగుల చారలు కూడా కనిపిస్తాయి. షాపువాడు అదే మంచిదని అంటాడు, వాడికి తెలీదు. నాకున్నలాంటి ఎండకి రంగు మారే అద్దాలు కూడా నీకు పనికిరావు, అవి యూవీ తగిలితేనే నల్లబడతాయి, కాక్‌పిట్ అద్దం యూవీని చాలావరకు ఆపేస్తాది. నేను బస్సులో అద్దం పక్కన కూర్చుని చూశాను, సరిగ్గా మారలేదు. మామూలు గ్రే కలర్ అద్దాలు చాలు. నీ మెడికల్‌లో గ్లాసెస్ అని రాశారు కాబట్టి రెండో జత తప్పకుండా ఉండాలి, మాకూ అదే రూలు ఉండేది, నా రెండో జత ఇరవయ్యేళ్ళు బాక్సులో ఉంది, రెండుసార్లు పనికొచ్చింది. నీ రెండో జత ఫ్లైట్ బ్యాగులో పెట్టు, సూట్‌కేసులో కాదు.

కాగితాలు నీకు నేను చెప్పక్కర్లేదు గానీ అమ్మ చెప్పమంది. లైసెన్సు, మెడికల్, రేడియోలో మాట్లాడటానికిచ్చే ఆర్‌టీఆర్, ఐడీ కార్డు, ఎయిర్‌పోర్ట్ పాస్, పాస్‌పోర్టు, అన్నీ ఒకటే జిప్పు పౌచ్‌లో. 2025 నుంచి లైసెన్సు ఫోన్‌లో కూడా వస్తోంది కదా, అయినా కార్డు దగ్గరుంచుకో. మెడికల్ ఏడాదికోసారి, ఆ తారీఖు నేను క్యాలెండర్‌లో రాసుకున్నాను, నెల ముందు ఫోన్ చేసి గుర్తు చేస్తాను, విసుక్కోకు.

ఇక మందుల సంగతి, దీన్ని మాత్రం రెండుసార్లు చదువు. మాకు డ్యూటీ ఎక్కేముందు ఊదే మెషిను ఉండేది, మీకూ ఉంటాది, అక్కడ సున్నా రావాలి, మొదటిసారి దొరికినా లైసెన్సు మూడు నెలలు పోద్ది. నువ్వు తాగవు, ఆ దిగులు నాకు లేదు. నా దిగులు మీ అమ్మ జలుబుకి పంపే హోమియో చుక్కలు. వాటిలో ఆల్కహాలే ఉంటాది. దగ్గు సిరప్‌లు కొన్నింటిలో కూడా. 2023లో విమానాల రూల్స్ చూసే డీజీసీఏ రూలు మార్చి మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి కూడా ఆల్కహాల్ ఉంటే వాడొద్దంది. జలుబు చేస్తే మెడికల్ షాపుకి వెళ్ళకు, కంపెనీ డాక్టర్ని అడుగు, చెవి దిబ్బడ ఉంటే డ్యూటీయే వద్దని చెప్పు. సిగ్గు పడకు.

గసగసాలు కూడా. 2022 జనవరి 31 నుంచి మీకు డ్రగ్ టెస్టులు ఉన్నాయి, ఎప్పుడు ఎవరిని పిలుస్తారో తెలీదు, గసగసాలు తిన్నా టెస్టులో తేడా రావచ్చు. ఇక్కడ ఒరియా వాళ్ళ ఇళ్ళలో పోస్తో, మనింట్లో కోడికూరలో మసాలా, అన్నింట్లోనూ అదే. రేపు దుబాయ్ వేశారనుకో, అక్కడ గసగసాల పొట్లం బ్యాగులో ఉండటమే నేరం. అమ్మకి చెప్పాను, మొదట నమ్మలేదు, తర్వాత లేచి వెళ్ళి మసాలా డబ్బా మొత్తం మార్చేసింది. ఎండు కొబ్బరి చిప్పలు కూడా పంపదు, నూనె ఎక్కువని, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క అట.

తిండి మరి ఏటి? కారం అటుకులు, చోడిపిండి, బెల్లం ఉండలు పంపుతోంది. డ్యూటీకి ముందు శనగలు, ముల్లంగి తినకు. క్యాబిన్ లోపలి గాలి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా అయిపోద్ది అన్నావు కదా, మన దేవమాలి కొండ 1,672 మీటర్లు, అంటే 5,500 అడుగులు కూడా లేదు, అంటే దేవమాలి కన్నా పైన కూర్చుని పనిచేసినట్టు, కడుపులో గాలి ఉబ్బుద్ది. పైగా గాలి బాగా పొడి. నీళ్ళు బాగా తాగు. సీసా మాత్రం గట్టి మూత ఉన్నది, మధ్య ప్యానెల్ మీద ఎప్పుడూ పెట్టొద్దు. 2019 నవంబర్‌లో ఒకసారి, 2020 జనవరిలో ఒకసారి ఎయిర్‌బస్ ఎ350ల్లో అలా ఒలికి గాల్లోనే ఒక ఇంజను ఆగిపోయింది, చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే డ్యూటీ అయినా ఒక షర్టు, లోపలి బట్టలు, బ్రష్షు, ఛార్జరు, పల్చటి స్వెట్టరు ఉండాలి. చలికాలం ఢిల్లీలో మంచు పట్టిందంటే ఎక్కడో దింపేస్తారు, ఆ ఊళ్ళో రాత్రి గడపాలి. ప్యాడ్లు రెండు బ్యాగుల్లోనూ పెట్టుకోమని అమ్మ చెప్పింది, నేను రాస్తానన్నాను. బూట్లకి రబ్బరు సోలు చూసుకో, లోపల ఇనప ముక్క ఉంటే సెక్యూరిటీలో రోజూ కూస్తాది. వాచీ ఖరీదైనది వద్దు, రెండు టైములు చూపించేదైతే చాలు, విమానాల్లో వాడే యూటీసీ టైము మనకన్నా అయిదున్నర గంటలు వెనక కదా, నిద్ర మత్తులో వేళ్ళ మీద లెక్కపెట్టే పని ఉండకూడదు.

క్రూ అందరివీ ఒకేలాంటి నల్ల సూట్‌కేసులు, వ్యాన్‌లోంచి దించేటప్పుడు తారుమారు అవుతాయి అన్నావు. అమ్మ నిన్న మజ్జి గౌరమ్మ గుడికి వెళ్ళి ఎర్ర దారం తెచ్చింది, దాన్ని నాలుగు పేటలు అల్లి హ్యాండిల్‌కి చుట్టేలా చేసింది. కంపెనీ వాళ్ళు బయటికి కనపడకూడదంటే హ్యాండిల్ అడుగువైపు కట్టుకో.

పార్శిల్ ఆదివారం నాగావళి ఎక్స్‌ప్రెస్‌లో మీ పిన్ని కొడుకు తెస్తున్నాడు, నీ హాస్టల్‌కే తెచ్చి ఇస్తానన్నాడు. అటుకుల డబ్బా పైన ఉంటాది, దాని కింద నా టార్చ్, నువ్వు కొనుక్కునేదాకా అది వాడు. సెల్స్ తీసి వేరే కవర్లో పెట్టాను, ఎటువైపు వెయ్యాలో మూత మీద పెన్నుతో గీసి ఉంది చూడు.

నాన్న