ఆరుబయటి సిమెంటు బొమ్మల మరమ్మతు మిశ్రమంపై ఫిర్యాదు

అజిత్‌సింగ్ నగర్, విజయవాడ
జూన్, 2025

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ మరమ్మతు మిశ్రమం నిలవకపోవడం, డబ్బా మీది హామీలకు లోపలి సూచనలు విరుద్ధంగా ఉండటం గురించి.

అయ్యా,

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇంటి ముందున్న సిమెంటు కొంగల జత రోజుల తరబడి నీళ్లలో నానింది. కొన్ని నెలలకు వాటి కాళ్లు నెర్రెలిచ్చి, పెచ్చులూడి, లోపలి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుందనీ, కొంగ కాలు వంటి సన్నని చోట చువ్వ మీద కాంక్రీటు పలచన గనుక అక్కడే ముందు పగులుతుందనీ ఏ తాపీ మేస్త్రి అయినా చెబుతాడు. ఇంతవరకు జరిగినదానికి మీ బాధ్యత ఏమీ లేదు.

మే నెలలో, ఒక కొంగకు నేనే మరమ్మతు చేసుకుందామని, పొడి పొట్లమూ పాలవంటి ద్రవమున్న సీసా కలిపి మీరు అమ్ముతున్న డబ్బాను కొన్నాను. దాని ముందువైపు పెద్ద అక్షరాలతో మూడు హామీలున్నాయి: ఎంత మందానికైనా ఒకే పూత చాలు, నీళ్లతో తడపనక్కర్లేదు, వేరే ఏ పూతా అవసరం లేదు. వదులైన పెచ్చులు తీసి, చువ్వను తీగ బ్రష్‌తో రుద్ది, దుమ్ము కడిగి, మీరు చెప్పిన కొలతల ప్రకారమే కలిపి కాలిని పూడ్చాను. సాయంత్రానికి గట్టిగానే కనిపించింది. వారం తిరగకముందే దాని నిండా సన్నని బీటలు తేలాయి. గోటితో గీస్తే పైపొర పిండిలా రాలింది, చిన్న సుత్తితో తడితే డొల్ల చప్పుడు వచ్చింది. ఆ తర్వాత పడిన మొదటి వానకే బీటల వెంట ఎర్రటి తుప్పునీరు కారి, పూడ్చిన ముక్క మొత్తం చేతిలోకి ఊడివచ్చింది. దాని లోపలి ముఖం నున్నగా ఉంది. పాత కాంక్రీటు రేణువు ఒక్కటైనా దానికి అంటుకోలేదు.

డబ్బా పారవేయబోతుండగా అడుగు అట్టకు అతుక్కుపోయిన ఒక కాగితం దొరికింది. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కో పూత 10 మిల్లీమీటర్లు మించరాదనీ, ఇనుము కనిపిస్తే ముందుగా తుప్పు నిరోధక ప్రైమర్ వేయాలనీ, నేరుగా ఎండ తగలకుండా కప్పి ఉంచాలనీ అందులో ఉంది. అంటే ముందువైపు వేసిన మూడు హామీల్లో రెండింటిని మీ కాగితమే కాదంటోంది. ఇక తడపనక్కర్లేదన్న హామీ సంగతి. సిమెంటు గట్టిపడేది ఆరిపోవడం వల్ల కాదు, నీటితో కలిసి జరిపే చర్య వల్ల. బెజవాడ మే ఎండలో ఆ నీరు ముందే ఆవిరైపోతే పైపొర పిండి కాక ఏమవుతుంది? తడపనక్కర్లేదన్న మాటను ఇక్కడి ఎండలు తెలిసినవారెవరూ రాయరు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, బొమ్మ పాతది కావడమే కారణమని సమాధానమిచ్చారు. కొత్త బొమ్మకు మరమ్మతు సామాను ఎవరు కొంటారో నాకు అర్థం కాలేదు. పైగా అదే వయసున్న రెండో కొంగకు మా మేస్త్రి చువ్వ మీద జింక్ ప్రైమర్ వేసి, లేటెక్స్ (పట్టు పెంచే పాలవంటి ద్రవం) కలిపిన సిమెంటు, ఇసుకతో పూతల వారీగా పూడ్చి, తడి గోనెపట్టా చుట్టి వారం పాటు తడిపాడు. అదే వాకిట్లో, అదే ఎండావానల్లో అది చెక్కుచెదరకుండా ఉంది.

కాబట్టి డబ్బా ఖరీదు పూర్తిగా వాపసు ఇవ్వాలనీ, పూత మందం, ప్రైమర్, ఎండ నుంచి రక్షణ గురించిన షరతులను డబ్బా పైభాగాన తెలుగులో కూడా ముద్రించాలనీ, అంతవరకు దుకాణాల్లో ఉన్న సరుకు మీది ఆ మూడు హామీలను తొలగించాలనీ కోరుతున్నాను. డబ్బు చిన్న మొత్తమే, కానీ రెండో కోరిక విషయంలో నేను వెనక్కి తగ్గను. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

బిల్లు నకలు, డబ్బా, కాగితాల ఫొటోలు జతచేస్తున్నాను. ఊడిన ముక్కను భద్రపరిచాను. మీ ప్రతినిధి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు