త్యాగం అనకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ‘లవ్ అండ్ అదర్ డ్రగ్స్’ గురించి వచ్చిన వ్యాసం చదివాను. సరిగ్గా చెప్పాలంటే, మా ఆవిడకు చదివి వినిపించాను. పొద్దున పూట ఆమె చేతిలో పేపర్ నిలవదు, అక్షరాలు కదిలిపోతాయి. పదకొండేళ్ళ క్రితం, తనకు 38 ఏళ్ళున్నప్పుడు, పార్కిన్సన్స్ అని తేలింది. మా ఇంట్లో పేపర్ చదవడం నా పని, మధ్యలో ఆపి వాదించడం ఆమె పని.

వ్యాసం చివర్లో, జబ్బుపడిన అమ్మాయి కోసం హీరో చేసిన త్యాగం కంటతడి పెట్టిస్తుందని రాశారు. అక్కడ ఆమె చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ చదవమంది. చదివాను. “త్యాగం అంటే ఏదో ఒకటి పోగొట్టుకోవాలి కదండీ. అంటే నేను మీకు నష్టమా?” అంది. కోపంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. కాదని వెంటనే చెప్పాను. అంతటితో సరిపోయిందని నాకు అనిపించలేదు.

2010లో ఎడ్వర్డ్ జ్విక్ తీసిన ఈ సినిమాలో జేక్ జిలెన్‌హాల్ మందుల కంపెనీ రెప్. ఆన్ హాథవే 26 ఏళ్ళకే పార్కిన్సన్స్ వచ్చిన అమ్మాయి. వయాగ్రా మార్కెట్లోకి వచ్చిన రోజుల సందడి గురించి, వాళ్ళిద్దరి మధ్య చిలిపితనం గురించి మీ వ్యాసకర్త ముచ్చటగా రాశారు. నాకు మాత్రం ఆ సినిమాకి ప్రాణం షికాగో ఘట్టం. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు.

అతను మందుల సదస్సు కోసం షికాగో వస్తాడు, ఆమె కూడా వెంట వస్తుంది. ఆ పక్కనే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు వేరేగా ఒక సమావేశం పెట్టుకుంటారు. ఒక్కొక్కరే లేచి తమ వణుకు మీద, తమ తిప్పల మీద తామే జోకులు వేస్తుంటే హాలంతా నవ్వుతుంది. ఆ అమ్మాయి కూడా నవ్వుతుంది, మనసు తేలికపడుతుంది. అదే చోట అతనికి ఒక పెద్దాయన తగులుతాడు. ఆయన భార్యకు జబ్బు బాగా ముదిరింది. ఏమైనా సలహా చెప్పండని అడిగితే, ఈ అమ్మాయిని వదిలేసి ఆరోగ్యంగా ఉన్న ఇంకో అమ్మాయిని చూసుకోమంటాడు. భార్యంటే ప్రేమేనట, కానీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే మాత్రం పెట్టడట. ఒకే హాల్లోంచి ఆమె ధైర్యంతో బయటికొస్తుంది, అతను భయంతో వస్తాడు. అక్కడి నుంచి పరీక్షలు, స్పెషలిస్టులు అంటూ ఆమెను ఊరూరా తిప్పుతాడు. చివరికి ఆమే వద్దనుకొని విడిపోతుంది. నయమైతే తప్ప ప్రేమించలేనివాడితో ఎలా ఉండాలన్నది ఆమె బాధ.

ఆ తిప్పడం నేనూ చేశాను. రెండేళ్ళు చేశాను. ఎక్కడ కొత్త డాక్టరున్నాడంటే అక్కడికి ఫైలు పట్టుకొని వెళ్ళేవాణ్ణి. పూర్తిగా తగ్గిస్తామన్న ప్రకటన చూసి ఒకచోట నలభై రోజులు ఏదో పొడి వాడించాను. దాని కోసం అసలు మాత్రలు తగ్గించడంతో ఆమె మంచం మీద పక్కకు తిరగలేని స్థితికి వచ్చింది. అది నా తప్పే. ఆ తర్వాత కూడా బుద్ధి రాక ఇంకొక చోటికి తీసుకెళ్తే, కారు ఆగినా ఆమె దిగలేదు. “ఈసారి మీరే చూపించుకొని రండి. నేను ఇక్కడ పాటలు వింటూ కూర్చుంటాను” అంది. నేను లోపలికి వెళ్ళలేదు. ఇద్దరం కారులోనే చాలాసేపు కూర్చున్నాం.

పార్కిన్సన్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. మెదడులో డోపమైన్ అనే, కదలికలకు కావలసిన రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతుంటాయి, ఆ లోటును లెవోడోపా మాత్ర కొన్ని గంటలు పూడుస్తుంది. మాత్ర పనిచేస్తున్న వేళను ‘ఆన్’ అంటాం, దాని బలం దిగిపోయిన వేళను ‘ఆఫ్’ అంటాం. ప్రొటీన్ ఎక్కువున్న భోజనంతో కలిస్తే అది సరిగ్గా ఒంటికి పట్టదు, అందుకని తిండికీ మాత్రకీ మధ్య ఎడం చూసుకోవాలి. మా ఇంట్లో ఫోన్ అలారం రోజుకు ఐదుసార్లు మోగుతుంది. ఏ పని చేయాలన్నా, ఎవరు వస్తామన్నా, ముందు ఆ అలారం చూసుకుంటాం.

అందరికీ తెలిసింది వణుకు ఒక్కటే. ఈ జబ్బులో ముఖం కూడా బిగుసుకుపోతుంది. లోపల ఎంత సంతోషంగా ఉన్నా పెదవులు కదలవు, రెప్పలు తక్కువ కొట్టుకుంటాయి. మొదట్లో ఆమె నా మీద అలిగిందనుకొని రోజుల తరబడి మథనపడ్డాను. ఇప్పుడు తెలుసు. నవ్వొస్తే ముందు ఆమె ముక్కులోంచి గాలి గబుక్కున వస్తుంది, ఆ తర్వాత ఎడమ భుజం రెండుసార్లు ఎగురుతుంది. ఈ సినిమా చూస్తున్నప్పుడు షికాగో హాల్లో ఆ జోకులకు ఆ భుజం ఆగకుండా ఎగురుతూనే ఉంది. వెనక నుంచి ఎవరైనా చూస్తే ఏడుస్తోందనుకునేవారు. జబ్బు మీద కామెడీ ఏమిటని మీ వ్యాసకర్త కాస్త నొచ్చుకున్నట్టున్నారు. ఆ జబ్బున్న మనిషి ఆ సాయంత్రం అంతగా నవ్వడం నేను పక్కన కూర్చొని చూశాను.

సినిమాలో నాకూ నచ్చనిది ఉంది. జబ్బు ఇంకా తొలి దశలో ఉండగానే కథ ముగిసిపోతుంది. గుండీలు పెట్టుకోలేకపోవడం, గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం, రాత్రి మూడింటికి లేపి పక్కకు తిప్పమనడం, ఇవేవీ లేవు. ఆ పెద్దాయన మాటలు మాత్రం నిజం. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆస్పత్రి వరండాల్లో అలా అలసిపోయిన మనుషుల పక్కన కూర్చున్నాను, కొన్ని రాత్రులు నేనూ అలాగే అలసిపోయాను. అలసటను అలసట అంటే ఒప్పుకుంటాను.

ఇంటికొచ్చే చుట్టాలు, ఆమె ఎదురుగా కూర్చొని ఉండగానే, “ఆవిడకి ఎలా ఉందండీ?” అని నన్ను అడుగుతారు. తిరిగి వెళ్తూ, “మీరు దేవుడండీ, ఇంకొకరైతే చేయలేరు” అని నా చెయ్యి పట్టుకుంటారు. ఆమెకు చెవులు బాగానే వినిపిస్తాయి. మీ పేపర్లో ఆ ఒక్క మాట చదివినప్పుడు నాకు వాళ్ళందరి గొంతులూ వినిపించాయి. నేను ఉద్యోగం పోయి ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నప్పుడు, వణికే చేత్తోనే ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపింది ఆమె. దాన్ని ఎవరూ త్యాగం అనలేదు. భార్యాభర్తలన్నాక మామూలే అన్నారు. నేను చేసేదానికి కూడా ఆ మామూలు మాటే వాడండి. మీ వ్యాసకర్తకు నేను చేసే విన్నపం ఇంతే.

ఈ ఉత్తరం కింద తనూ సంతకం పెడతానంది. ఈ జబ్బులో రాత చీమల బారులా చిన్నదైపోతుంది, అచ్చులో కనపడదేమో అన్నాను. అయినా పెడతానంది. రెండింటికి వేసుకునే మాత్ర పనిచేయడం మొదలవడానికి ముప్పావు గంట పడుతుంది. అది పనిచేయడం మొదలయ్యాక తను పెన్ను పట్టుకుంటుంది, ఆ తర్వాతే వెళ్ళి దీన్ని పోస్టు చేస్తాను.

ఇట్లు,
మీ పాఠకులు ఇద్దరు