కిటికీల కొటేషన్‌లో కనపడని సంగతులు

సంపాదకులకు,

పాత కిటికీలు మార్చడం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ‘అల్యూమినియమా, యూపీవీసీయా (గట్టి ప్లాస్టిక్), చెక్కా?’ అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. కొనేవాళ్లూ అదే అడుగుతారు. చదరపు అడుగుకి ఎంతో కనుక్కుని, తక్కువ చెప్పినవారికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. కానీ కిటికీలో ఎక్కువ జాగా అద్దానిదే. అద్దం సంగతి తేలకుండా చట్రాలు పోల్చి లాభం లేదు.

వేడి అద్దంలోంచి రెండు రకాలుగా వస్తుంది. బయటి గాలి వేడి అద్దం గుండా పాకడం ఒకటి, దాని కొలత యూ-విలువ. నేరుగా పడే ఎండ రెండోది, దాని కొలత ఎస్‌హెచ్‌జీసీ. వేడి ప్రదేశాల్లో రెండూ తక్కువగా ఉండాలి. ఒంటి అద్దం యూ-విలువ 5.7 దగ్గర ఉంటే, మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలిన జంట అద్దానిది 2.8 దగ్గర ఉంటుంది. సగానికి సగం తగ్గినట్టే. ఎండ విషయంలో మాత్రం మామూలు జంట అద్దం పెద్దగా చేసేదేమీ లేదు. ఒంటి అద్దం ఎండ వేడిలో 80 శాతం పైగా లోపలికి వదిలితే, జంట అద్దం కూడా 70 శాతానికి అటూ ఇటూగా వదిలేస్తుంది. పడమటి గదికి డబుల్ గ్లాస్ వేయించినా సాయంత్రానికి ఉడికిపోతోందంటే కారణం ఇదే. అక్కడ కావలసింది లో-ఈ పూత (వేడిని ఆపే, చాలా పలచని లోహపు పొర), అందులోనూ ఎండను తిప్పికొట్టే రకం. ఆ పూత బయటి అద్దానికి లోపలి ముఖం మీద ఉండాలి.

పూత ఉందో లేదో మాట మీద నమ్మనక్కర్లేదు. చీకట్లో అద్దానికి కొంచెం పక్కగా నిలబడి అగ్గిపుల్ల వెలిగిస్తే జంట అద్దంలో నాలుగు మంటలు కనిపిస్తాయి. పూత ఉంటే వాటిలో ఒకటి వేరే రంగులో ఉంటుంది. గది లోపలినుంచి చూస్తే, మీకు దగ్గరి మంట నుంచి లెక్కపెట్టినప్పుడు అది మూడోది కావాలి. నాలుగూ ఒకే రంగులో ఉంటే పూతకు మీరిచ్చిన డబ్బు వృథా అయినట్టే.

జంట అద్దాల మధ్య మంచు పట్టినట్టు మసక కమ్మితే అంచు సీలు పోయి లోపలికి తేమ చేరిందన్నమాట. దానికి కిటికీ అంతా పీకనక్కర్లేదు. చట్రం బాగుంటే బీడింగ్ (అద్దాన్ని పట్టి ఉంచే అంచు పట్టీ) తీసి ఆ అద్దాల జోడు ఒక్కటే మార్చవచ్చు. ఈ మాట అమ్మేవాళ్లు తమంతట తాము అరుదుగా చెబుతారు.

రోడ్డు చప్పుడు తగ్గాలంటే రెండు అద్దాలూ ఒకే మందం ఉండకూడదు. ఒకటి 6, ఒకటి 4 మిల్లీమీటర్లు పెట్టినా తేడా తెలుస్తుంది. లామినేటెడ్ అద్దమైతే (రెండు అద్దాలను మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించింది) ఇంకా మేలు. అది పగిలినా మధ్య పొరకు అంటుకుని ఉంటుంది కాబట్టి పిల్లలు ఆనుకునే కిందివరస కిటికీలకూ అదే మంచిది. టఫెన్డ్ అద్దం (వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చింది) గట్టిదే, కానీ పగిలితే చిన్న చిన్న ముక్కలై మొత్తం రాలిపోతుంది. పైగా ఒకసారి టఫెన్ చేశాక కోయడం కుదరదు, కొలత తప్పితే కొత్తది చేయించాల్సిందే.

ఇక చట్రం. అల్యూమినియం సన్నగా ఉండి పెద్ద అద్దాన్ని మోస్తుంది. అయితే యూపీవీసీతో పోలిస్తే వేడిని వెయ్యి రెట్ల దాకా ఎక్కువగా లాగుతుంది. అందుకే లోపలి, బయటి ముక్కల మధ్య వేడిని అడ్డుకునే పాలీఅమైడ్ (ఒక రకం ప్లాస్టిక్) పట్టీ ఉన్న రకం అడగాలి. యూపీవీసీకి వేడి బాధ లేదు, సాగే గుణం ఉంది. రెండు మీటర్ల ముక్క 40 డిగ్రీల తేడాకి అయిదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముదురు రంగైతే మరీ వేడెక్కుతుంది. లోపల జింకు పూత ఉక్కు పట్టీ లేకపోతే పెద్ద రెక్కలు వంగి, తాళం కలవదు. అడ్డంగా కోసిన ముక్క చూపించమంటే ఉక్కు ఉందో లేదో అక్కడే తేలుతుంది. చెక్కకి క్రమం తప్పకుండా రంగు వేయగలిగితేనే దిగండి. అది ఎప్పుడూ కింది మూలల అతుకుల దగ్గరే ముందు కుళ్లుతుంది.

స్లైడింగ్‌కు స్థలం కలిసొస్తుంది కానీ రెండు రెక్కలుంటే తెరుచుకునేది సగమే. రెక్క జరగాలి కాబట్టి బ్రష్ పట్టీలే ఉంటాయి. దుమ్మూ చప్పుడూ కొంత వస్తూనే ఉంటాయి. తలుపులా తెరిచే రెక్క రబ్బరు గాస్కెట్‌ను నొక్కి మూసుకుంటుంది. కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, సులువుగా ఊడి వచ్చిందంటే అక్కడ నొక్కు చాలడం లేదు. చుట్టూ అలా చూడాలి, తాళం దగ్గర ఒక్కచోటే కాదు.

ఎంత మంచి కిటికీ అయినా చెడేది బిగింపులోనే. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోవాలి. అందులోంచి 10 మిల్లీమీటర్లు, అంటే పక్కకి 5 చొప్పున, తగ్గించాలి. మూల నుంచి మూలకు కూడా కొలిస్తేనే మూలమట్టం తప్పిందీ లేనిదీ తెలుస్తుంది. పాత చట్రం పీకకుండా అందులోనే కొత్తది దూరుస్తామంటే పని త్వరగా అవుతుంది, గోడ చెడదు. వెలుగు మాత్రం తగ్గుతుంది. 1200 మిల్లీమీటర్ల చదరపు ఖాళీలో కొత్త చట్రమూ రెక్కా కలిసి పక్కకి 100 తింటే మిగిలే అద్దం 1000 చదరం, అంటే దాదాపు మూడోవంతు పోయినట్టే.

స్క్రూలు మూలలకి 150 మిల్లీమీటర్ల దూరంలో మొదలై, 600కి మించని ఎడంతో పడాలి. కింది ట్రాక్‌లో రంధ్రం వేసి బిగిస్తే నీళ్లు గోడలోకి దిగుతాయి. చట్రానికీ గోడకీ మధ్య సందుల్లో నింపే ఫోమ్ (నురగలా ఉబ్బి గట్టిపడేది) ఎక్కువ కొడితే అది ఉబ్బి చట్రాన్ని లోపలికి నెట్టేస్తుంది, రెక్క పట్టేస్తుంది. బయటికి కనపడే ఫోమ్‌ని ఎండ తినేస్తుంది కాబట్టి పైన సీలెంట్ తప్పనిసరి. ఆ సీలెంట్ న్యూట్రల్ రకం అయి ఉండాలి. పులిసిన వాసన కొట్టే చవక సిలికాన్ సిమెంటుకి సరిగా అంటదు, లోహాన్ని కూడా తింటుంది.

మీరు వేసే పోలిక పట్టికల్లో రంగూ రేటుతో పాటు మొత్తం కిటికీ యూ-విలువ (అద్దం నడిమధ్య కొలిచింది కాదు), ఎస్‌హెచ్‌జీసీ, అద్దాల మందం, ఉక్కు పట్టీ, బిగింపు పద్ధతి కూడా చేర్చమని మనవి. చివరి వాయిదా ఇచ్చేముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. చట్రం కింద బయటివైపు నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. బిగించేవాళ్లు సిలికాన్ రాసే ఊపులో వాటినీ పూడ్చేస్తుంటారు. ట్రాక్‌లో చెంబుడు నీళ్లు పోయండి. ఆ రంధ్రాల గుండా బయటికే పోవాలి. ట్రాక్‌లో నిలిచినా, లోపలి గోడ తడిసినా, ఆ రోజే విప్పించి సరిచేయించండి.

ఇట్లు,
కిటికీల పనిలో ఉన్న ఒక పాఠకుడు