నరం కరెంటు తీగ కాదు

సంపాదకులకు,

పత్రికల ఆరోగ్య పేజీల్లో నరాల ప్రస్తావన వస్తే చాలు, రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. నరాలు కరెంటు తీగల్లాంటివన్నది ఒకటి. డోపమైన్ ‘ఆనంద రసాయనం’ అన్నది రెండోది. చదవడానికి రెండూ సులువే. కానీ వాటినే నమ్ముకుంటే మత్తు ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుందో, పురుగుమందు మనిషిని ఎలా చంపుతుందో అర్థం కాదు.

తీగలో ఒక చివర ఇచ్చిన కరెంటు దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. నాడీకణపు పొడవాటి తోక అయిన ఆక్సాన్‌లో సంకేతం తగ్గదు, ఎందుకంటే అది దారిపొడవునా కొత్తగా పుడుతూ పోతుంది. కణం ఊరకున్నప్పుడు దాని లోపలివైపు వోల్టేజి బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ, అంటే -70. సోడియం బయట ఎక్కువ, పొటాషియం లోపల ఎక్కువ. ఈ తేడా చెడకుండా కణపొరలోని పంపు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కోదాని ఖర్చుతో 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంటుంది. వోల్టేజి సుమారు -55కి చేరితే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, లోపలివైపు +30 దాకా ఎగబాకుతుంది. ఆ వెంటనే సోడియం ద్వారాలు మూతపడి, పొటాషియం బయటికి పోయి, వోల్టేజి మళ్లీ దిగుతుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని. మూతపడ్డ ద్వారం కాసేపు తెరుచుకోదు కాబట్టి సంకేతం వెనక్కి మళ్లదు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్ మీద ప్రయోగాలు చేసి 1952లోనే దీన్ని లెక్కలతో సహా చూపించారు.

మత్తు ఇంజెక్షన్‌లోని లిడోకెయిన్ మూసేది ఈ సోడియం ద్వారాన్నే, అదీ లోపలివైపు నుంచి. అందుకు మందు ముందు కణపొర దాటాలి. విద్యుదావేశం లేని రూపంలోనే అది సులువుగా దాటగలదు. చీము పట్టినచోట ఆమ్లత ఎక్కువ, అక్కడ మందులో ఎక్కువ భాగం ఆవేశంతో బయటే ఉండిపోతుంది. చీముపట్టిన పన్ను దగ్గర మత్తు సరిగా ఎక్కకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. డాక్టరు చేయి మంచిది కాదనుకోనక్కర్లేదు.

సంకేతం ఆక్సాన్ చివరికి చేరాక కథ పూర్తిగా మారుతుంది. చాలాచోట్ల ఒక కణానికీ పక్క కణానికీ మధ్య 20 నుంచి 40 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. విద్యుత్తు దాన్ని దాటలేదు. (కణాలు కలిసే చోటును సినాప్స్ అంటారు; నేరుగా అతుక్కుని ఉండే సినాప్స్‌లూ కొన్ని ఉన్నాయి, అవి వేరే సంగతి.) చివర్లో కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే రసాయనం నింపిన బుల్లి సంచులు పొరకు అతుక్కుని పగిలి, లోపలి సరుకును ఖాళీలోకి వదులుతాయి. అది అవతలి కణం మీద దాన్ని అందుకునే గ్రాహకాలను (రిసెప్టర్లను) పట్టుకుంటుంది. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెను, దాని నరాన్ని ప్రేరేపించి, నెమ్మదింపజేశాడు. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. కబురు మోసేది రసాయనమని అలా తేలింది. ఆ రసాయనం ఎసిటైల్ కోలిన్.

అదే ఎసిటైల్ కోలిన్ చేతి కండరాన్ని బిగిస్తుంది. గుండెను నెమ్మదింపజేసేదీ, చేతిని బిగించేదీ ఒకటే అయినప్పుడు ఫలితం రసాయనంలో లేదు, గ్రాహకంలో ఉంది.

పని అయ్యాక ఆ రసాయనాన్ని తొలగించడమూ అంతే ముఖ్యం. ఎసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు స్తంభింపజేస్తాయి. కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోతాయి, చొంగ కారుతుంది, ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండుతాయి, కండరాలు ముందు అదిరి తర్వాత చచ్చుబడతాయి, ఊపిరి ఆగుతుంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ స్రావాలను ఆపి గుండెను కాపాడుతుంది గానీ, చచ్చుబడ్డ కండరాల గ్రాహకం వేరు కాబట్టి అక్కడ పనిచేయదు. రోగికి వెంటిలేటరు అవసరమయ్యేది అందుకే. ఎంజైమును విడిపించే ప్రాలిడాక్సిమ్ ఆలస్యమైతే ఎందుకూ కొరగాదు, ఎందుకంటే సమయం గడిచేకొద్దీ ఆ విషం ఎంజైముకు శాశ్వతంగా అతుక్కుపోతుంది.

ఇక ‘ఆనంద రసాయనం’. మెదడులో ఒకచోట డోపమైన్ కణాలు నశిస్తే పార్కిన్‌సన్స్ వణుకు, బిగుసుకుపోవడం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర అదే డోపమైన్, పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ హార్మోన్‌ను అదుపులో ఉంచుతుంది. అందుకే దాని గ్రాహకాలను మూసే కొన్ని మానసిక వ్యాధుల మందులతో బిగుసుకుపోవడమూ రావచ్చు, బాలింత కాకపోయినా పాలూ పడవచ్చు. ఇందులో ఆనందం ఎక్కడుంది?

సెరటోనిన్ అనే మరో రసాయనం తగ్గడమే కుంగుబాటు అన్న రాతలతో నష్టం ఇంకా ఎక్కువ. విడుదలైన సెరటోనిన్‌ను కణం వెనక్కి లాక్కోకుండా కుంగుబాటుకు ఇచ్చే మాత్ర కొన్ని గంటల్లోనే అడ్డుకుంటుంది. కానీ కుంగుబాటు తగ్గడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తగ్గిన రసాయనాన్ని నింపడమే వైద్యమైతే మొదటి రోజే గుణం కనిపించాలి. అలా నమ్మిన రోగి వారం వాడి, పనిచేయడం లేదని మానేస్తాడు. ఈ మందుల గురించి మీరు అచ్చువేసే ప్రతి వ్యాసంలోనూ ఆ రెండు నుంచి ఆరు వారాల సంగతి, వైద్యుణ్ని అడగకుండా మధ్యలో ఆపకూడదన్న మాట తప్పక ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు