మీటింగ్ లేనప్పుడు చదువుకో

పెరంబూరు, చెన్నై

చిరంజీవి స్వాతికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని వాట్సాప్‌లో నువ్వు పెట్టే బొటనవేలి బొమ్మల్ని బట్టి అనుకుంటున్నాం. ఫోన్ చేస్తే మూడో మాటకే "మీటింగ్ ఉందమ్మా" అంటావు. కాగితానికి ఆ ఇబ్బంది లేదు కదా అని రాస్తున్నాను. సుందరం మామయ్య రేపు బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వస్తున్నాడు. ఆవకాయ, కందిపొడి, నీ స్వెటరు, ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. కవరుకి పిన్నులు కొట్టాను, వాడు విప్పడు. స్వెటరు మోచేతి దగ్గర చిరిగితే కుట్టాను. అక్కడ సాయంత్రాలు చలి అని తెలిసి కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళావు, ఏం పిల్లవే నువ్వు!

మేడ మీద వాళ్ళు ఖాళీ చేశారు. కొత్తవాళ్ళు వచ్చేదాకా ట్యాంకు నీళ్ళ గొడవ లేదు. నాన్న షుగరు అదుపులోనే ఉంది, స్వీట్ల డబ్బా నేను బీరువాలో పెట్టాను కాబట్టి. బుజ్జి పెళ్ళి కార్డులు అచ్చయ్యాయి, నీ పేరు "మరియు బంధుమిత్రులు"లో కలిసిపోయిందని రమణి అత్త నొచ్చుకుంది. మొన్న ఆదివారం గౌతమ్ వచ్చి రెండు పూటలా తిని వెళ్ళాడు. వాడు నిన్ను కోరమంగళలో చూశాడట. నీ చేతిలో పెన్ను లాంటిదేదో ఉందట, మామిడిపండు వాసన వచ్చిందట. వేప్ అంటారే, ఆ ఈ-సిగరెట్. వాడి మీద కోపం పెట్టుకోకు. వాడు చాడీలు చెప్పే రకం కాదు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నాన్న అప్పుడు స్నానానికి వెళ్ళారు, ఆయనకి తెలియదు.

సరే, ఆ సంగతి కోసం ఉత్తరం మొదలుపెట్టలేదు. పెళ్ళికి నీకు ఏ రంగు పట్టు కావాలో చెప్పు. పాండీ బజారుకి శనివారాలు వెళ్ళలేం, జనంలో నాన్న తప్పిపోతారు. మంగళవారం వెళ్ళి తెస్తాను. ఆకుపచ్చ వద్దన్నావని గుర్తుంది. జాకెట్టు కొలత పాతదే ఇవ్వనా? నువ్వు సన్నబడ్డావని గౌతమ్ అన్నాడు. అన్నం మానేసి అదే పీలుస్తూ కూర్చుంటున్నావా? నికోటిన్ ఆకలిని చంపుతుంది. మానేసినప్పుడు ఆ ఆకలంతా తిరిగొస్తుంది, అప్పుడు కొలతలు మళ్ళీ మారతాయి.

ఆ రోజు నేను అడిగితే నువ్వేమన్నావు? "అది సిగరెట్ కాదమ్మా, పొగాకు లేదు, ఉత్త నికోటిన్. నికోటిన్‌కి ఎవరూ బానిసలవరు, సిగరెట్‌కి అవుతారు. కాఫీ లాంటిదే." గడగడా చెప్పేశావు, ముందే బట్టీ పట్టినట్టు. ఆసుపత్రి ఫార్మసీ కిటికీ దగ్గర ఉద్యోగమంతా గడిపినదాన్ని, నాకే చెప్పావు.

ఆడపిల్లవని అంటున్నానని మాత్రం అనుకోకు. మా నాయనమ్మ శ్రీకాకుళంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆ ఊళ్ళో ముసలమ్మలు చాలామంది అంతే. ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు, అంగిట్లో పుండు పడేదాకా.

నువ్వన్నదాంట్లో కొంత నిజం ఉంది. క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగలోని తారూ, దాంతో పాటు ఉండే రసాయనాలూ. మనుషులు పొగ తాగేది నికోటిన్ కోసం, చచ్చిపోయేది తారు వల్ల అని మైకేల్ రసెల్ అనే లండన్ డాక్టరు 1976లోనే రాశాడు. కాబట్టి క్యాన్సర్ పేరు చెప్పి నిన్ను బెదిరించను. కానీ ఆయన మాటలో మొదటి సగం మళ్ళీ చదువు. నికోటిన్ కోసం.

నికోటిన్‌కి బానిసలవరన్న మాట కూడా నువ్వు కనిపెట్టింది కాదు. 1994 ఏప్రిల్లో అమెరికాలో ఏడు పొగాకు కంపెనీల పెద్దలు చట్టసభ కమిటీ ముందు వరసగా కూర్చుని, ప్రమాణం చేసి మరీ, నికోటిన్ వ్యసనం కాదని నమ్ముతున్నామన్నారు. అందులో ఒక కంపెనీ లాయరే, మనం అమ్ముతున్నది నికోటిన్, అది వ్యసనంగా మారే మందు అని 1963లో లోపలి కాగితంలో రాసుకున్నాడు. అమెరికా ప్రభుత్వంలో ప్రజారోగ్యానికి పెద్ద డాక్టరు, సర్జన్ జనరల్ అంటారు, 1988లో దాని మీద పెద్ద నివేదికే వేశాడు. పొగాకు వ్యసనానికి కారణమైన మందు నికోటినేనని అందులో తేల్చాడు. ఇదంతా నువ్వు ఒక్క నిమిషంలో ఫోన్లో చూసుకోగలవు. చూడవు, నాకు తెలుసు.

లోకో తాతయ్య కంటి ఆపరేషన్ సంగతి నీకు సగమే తెలుసు. పెళ్ళిళ్ళలో నవ్వుకోవడానికి చెప్పుకునే సగం. ఆయన జన్మలో బీడీ గానీ చుట్ట గానీ ముట్టలేదు. రైలు పెట్టెలో ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే తర్వాతి స్టేషన్లో దిగి పెట్టె మారేవారు. కాకపోతే బొడ్లో ముక్కుపొడుం డబ్బా ఉండాలి. ఏకాదశికి పచ్చి గంగైనా ముట్టరు, పొడుం మాత్రం ఉపవాసం లెక్కలోకి రాదనేవారు. ఆ రోజుల్లో శుక్లాల ఆపరేషన్ అంటే ఇప్పట్లా పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం కాదు. కళ్ళకి కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళు. దగ్గకూడదు, ముక్కకూడదు, తుమ్మకూడదు. కుట్లు తెగితే కన్ను దక్కదు. అందుకని డాక్టరు మొట్టమొదట తీయించింది ఆ పొడుం డబ్బానే.

మొదటి రోజు విష్ణు సహస్రనామం చెప్పుకుంటూ బాగానే గడిపారు. రెండో రోజు నర్సుని తిట్టారు. ఆయన నోట అలాంటి మాట అమ్మమ్మ కాపురానికి వచ్చాక వినలేదట. ఇడ్లీ పళ్ళెం తోసేశారు. నిద్ర లేదు. చేతులు దుప్పటి అంచుని పిసుకుతూనే ఉన్నాయట. మూడో రోజు పొద్దున అమ్మమ్మని దగ్గరికి పిలిచి, "ఈ కొత్తది గుచ్చుకుంటోంది, నా పాత తుండుగుడ్డ పట్రా" అన్నారు. మనిషి మామూలుగా మాట్లాడాడని ఆవిడ పొంగిపోయింది. ఇంటికొచ్చి, ఆ తుండుగుడ్డని చాకలిసోడాలో ఉడకబెట్టి, నీలం పెట్టి, ఆరేసి, మడత పెట్టి సాయంత్రానికి తీసుకెళ్ళింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తిప్పి, ఇంకో కొస పెట్టుకున్నారు. "ఉతికావా?" అన్నారు. అని, కట్టు కింద నుంచే ఏడ్చారు. కంటి ఆపరేషన్ అయిన మనిషి ఏడవకూడదాయె, నర్సులు పరిగెత్తుకొచ్చారు. ఆయనకి కావలసింది గుడ్డ కాదు, దాని కొసలకి పట్టేసిన పొడుం మరక. రైల్వేలో ఫోర్‌మన్, ఆయన కేకేస్తే షెడ్డంతా నిశ్శబ్దమయ్యేదట.

ఆ తర్వాత వార్డు బాయ్ చేతిలో రూపాయి పెట్టి పొట్లం తెప్పించుకున్నారనీ, రౌండ్సులో డాక్టరు వాసన పట్టి "తుమ్మారా?" అంటే "నాకు తుమ్మొచ్చి పాతికేళ్ళయింది సార్" అన్నారనీ మీరందరూ నవ్వుకునే సగం. అలవాటు పడ్డ ముక్కుకి తుమ్ము రాదు, అది నిజమే. కన్నూ దక్కింది. కానీ స్వాతీ, ఆ మూడు రోజుల్లో ఆయన పడ్డది మందుల పుస్తకాల్లో రాసి ఉన్నట్టే ఉంది: చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం, రెండు మూడు రోజులకి తీవ్రం కావడం. ఎక్కడా పొగ లేదు. కాఫీ లాంటిదేనన్నావు. కాఫీ లేకపోతే నాకూ మధ్యాహ్నానికి తలపోటు వస్తుంది, దాచను. కానీ కాఫీ గ్లాసు కడిగేశారని ఏడ్చిన పెద్దమనిషిని నేనింకా చూడలేదు.

ఇప్పుడు నువ్వేమంటావో తెలుసు. "పొడుం కూడా పొగాకేగా, అందులో ఇంకేవో ఉంటాయి." ఉంటాయి. పొగాకు పొగలో ఉండే కొన్ని పదార్థాలు మెదడులో మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని అణిచి, నికోటిన్ పట్టుని ఇంకా బిగిస్తాయి. అందుకే సిగరెట్ అన్నిటికన్నా మొండిది. అలాగే, పొగ అలవాటు లేని, మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళకి చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ ఆరు నెలలు వేసి చూసిన పరీక్ష ఒకటి 2012లో వచ్చింది. వాళ్ళు దానికి బానిసలయ్యారని ఎవరూ అనలేదు. చూశావా, నీ తరఫు వాదన కూడా నేనే చెబుతున్నాను.

కానీ ప్యాచ్ వేరు, నీ పెన్ను వేరు. ప్యాచ్ నుంచి మందు చర్మం గుండా గంటల తరబడి మెల్లగా ఎక్కుతుంది. సిగరెట్ మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్ నమిలితే రక్తంలో హెచ్చడానికి అరగంట పడుతుంది. ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే కొద్ది సెకన్లలో మెదడుకి చేరుతుంది. నేలలో ఇంకే చినుకుకీ డిసెంబరు కుండపోతకీ ఉన్నంత తేడా. మెదడు అలవాటు పడేది ఆ వేగానికి. కిటికీ దగ్గర నేను చూసినంతలో ప్యాచ్ మానలేక వచ్చినవాళ్ళు లేరు. గమ్ కోసం మాత్రం ఒకాయన సిగరెట్ మానేసిన చాలా ఏళ్ళకి కూడా వస్తూనే ఉండేవాడు. చీటీ లేకపోయినా ఇవ్వమ్మా అని బతిమాలేవాడు. పొగ లేదు, పొడుం లేదు, ఆకు లేదు, ఉత్త నికోటిన్ గమ్. అందరూ అలా అవరు, కొద్దిమందే. నువ్వు ఏ కొద్దిమందిలో ఉన్నావో పెన్ను కొన్నప్పుడు నీకు తెలుసా?

లెక్చర్ అనుకుంటావు, అనుకో.

ఇంకో లెక్క. సిగరెట్ ఒకటి తాగితే ఒంట్లోకి చేరేది సుమారు 1 మిల్లీగ్రాము నికోటిన్. ఆ పారేసే పెన్నుల్లో 2 మిల్లీలీటర్ల ద్రవం, మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాముల చొప్పున ఉంటే 100 మిల్లీగ్రాములు. అంతా ఒంట్లోకి పోదు, సరే, సగం వేసుకో. ఐరోపా యూనియన్‌లో మిల్లీలీటరుకి 20 దాటకూడదని హద్దు పెట్టుకున్నారు. మన దగ్గర 2019 చట్టంతో వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. అంటే నీకు అమ్మినవాడు దొంగచాటుగా అమ్మాడు. డబ్బా మీద అంకె నిజమో కాదో చూసే దిక్కు లేదు. కందిపప్పులో రాయి కనబడితే దుకాణదారుతో పోట్లాడే పిల్లవి, దీన్ని ఏమీ అడగకుండా ఊపిరితిత్తుల్లోకి పీలుస్తున్నావా?

టెన్షన్ తగ్గుతుందని కూడా అన్నావు. నికోటిన్ ఒంట్లో రెండు గంటలకి సగం అయిపోతుంది. అది తగ్గుతుంటే చిరాకు మొదలవుతుంది. మళ్ళీ పీలిస్తే ఆ చిరాకు పోతుంది. నీ మేనేజరు తెచ్చిన టెన్షన్ ఎంతో, ఆ పెన్ను తెచ్చింది ఎంతో విడదీసి చూడు. మేనేజరు మీద నాకు మంచి అభిప్రాయమేం లేదు, రాత్రి పదకొండుకి ఫోన్ చేసే మనిషి ఎవరైనా సరే.

నాకు ఒక్క సంగతి చెప్పు చాలు. పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిసారి పీలుస్తున్నావు? డాక్టర్లు కూడా ముందు ఇదే అడుగుతారు. టిఫిన్ అయ్యాక, ఆఫీసుకి వెళ్ళాక అంటే నేను కొంచెం నిద్రపోతాను. పళ్ళు తోముకోకముందే అంటే అక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్‌హాన్స్‌లో మానిపించే క్లినిక్ ఉంది, నీ గది నుంచి ఆటో దూరమే, నేను వచ్చి తీసుకెళ్తాను. బయట కూర్చుంటాను, లోపలికి రాను. ఫోన్లో సాయానికి 1800112356 కూడా ఉంది, డబ్బులు పడవు. నాన్నకి చెప్పను. ఆయనకి తెలిస్తే నీ కన్నా ముందు ఆయనకే బీపీ వస్తుంది.

పెళ్ళికి టికెట్ ఇప్పుడే బుక్ చేసుకో. శుక్రవారం రాత్రి బండికి చివర్లో దొరకవు, బస్సులో రాకు, హోసూరు దగ్గర ట్రాఫిక్‌లో తెల్లారిపోతుంది. ఆవకాయలో తడి చెంచా పెట్టకు. నీ రూమ్మేట్ కారం తినలేదన్నావు కదా, ఆమెకి కందిపొడి వేరే పొట్లంలో కట్టాను, అది నువ్వు తినేయకు. ఆదివారం తొమ్మిదిన్నరకి ఫోన్ చెయ్యి, ఆ టైముకి నాన్న సీరియల్ చూస్తుంటారు.

ఉంటాను,
అమ్మ

తా.క. మానడానికి గమ్ వాడదామనుకుంటే 2 మిల్లీగ్రాములదే కొను. 4 డాక్టరు చీటీ లేకుండా వద్దు, షాపువాడు ఇచ్చినా వద్దు. బబుల్‌గమ్‌లా నమలకు. ఘాటు తగలగానే ఆపి చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకో, ఘాటు పోయాక మళ్ళీ నమలు. కాఫీ తాగాక పావుగంట ఆగు, లేకపోతే మందు పట్టదు. మూడు నెలల్లో తగ్గించుకుంటూ ఆపేయాలి. బిల్లు అడిగి తీసుకో, నాకు ఫోటో పెట్టు.