కోటలో దారి తప్పిన రోజు

నోవై, శనివారం రాత్రి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. పిల్లలు కులాసా, అమ్మ మోకాలినొప్పి కొంత నయం, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. ఇక అసలు సంగతి వినాలి నువ్వు.

మొన్న మా మామగారికి డెట్రాయిట్ చూపిద్దామని తీసుకువెళ్లి, అక్కడి రెనైసాన్స్ సెంటర్ అనే ఆకాశహర్మ్యాల సముదాయంలో దారి తప్పాను. అన్నవరం సత్రంలో గది వెతుక్కుంటూ మూడుసార్లూ వంటశాలకే చేరిన నీకు మాత్రం నవ్వే హక్కు లేదు! లోపలంతా గుండ్రమే కావడంతో ముప్పావుగంట తిరిగి, బయలుదేరిన లిఫ్టు దగ్గరికే వచ్చాం. "అల్లుడుగారూ, లోపలికి వచ్చినవాణ్ణి మళ్లీ ఊళ్లోకి పోనివ్వకూడదనే కట్టినట్టున్నారు" అన్నారాయన.

ఆయన తెలియక అన్నా, ఆ కట్టడం కథంతా ఆ మాటలోనే ఉంది. 1967 అల్లర్ల తరువాత మరింత ఖాళీ అవుతున్న నగరానికి ప్రాణం పోయాలని ఫోర్డ్ కార్ల కంపెనీ అధిపతి రెండవ హెన్రీ ఫోర్డ్ పూనుకొని, తోటి వ్యాపార ప్రముఖులను కూడగట్టి, జాన్ పోర్ట్‌మన్ అనే వాస్తుశిల్పి చేత రూపకల్పన చేయించి కట్టించాడు. 1977లో తెరిచేనాటికి నడుమ 73 అంతస్తుల హోటలు, చుట్టూ 39 అంతస్తుల కార్యాలయ భవనాలు నాలుగు ఉన్నాయి. అయితే ఊరివైపున, జెఫర్సన్ అవెన్యూ పక్కన, యంత్రాలను దాచిన ఎత్తైన కాంక్రీటు దిబ్బలు కోటగోడల్లా నిలిచాయి. కారులో వచ్చినవాడు కారులోనే పోయేవాడు గనుక వీధి అంగడికి పైసా రాలలేదు. పైగా పాత భవనాల్లోని అద్దెదారులే ఇక్కడికి మారారు. ఒక బిందెలోని నీళ్లు మరో బిందెలోకి వంపి, ఊరి దాహం తీరిందనుకున్నారు. 1983లో హడ్సన్స్ అనే ఆ మహా దుకాణం కూడా మూతపడింది. దానికి ఈ కోటే కారణమనను. జనం శివార్లకు తరలడం ఎప్పుడో మొదలైంది.

1987లో నగరం నడిబొడ్డున పీపుల్ మూవర్ అనే చిన్న రైలు వచ్చింది. ఒకే దిశలో తిరిగే 2.9 మైళ్ల వలయం. శివార్ల నుంచి రైళ్లు వచ్చి దానితో కలవాలన్నది ఆలోచన, కాని ఆ రైళ్లు రానేలేదు. మన కాలేజీ బస్సు గుర్తుకొచ్చిందా? అది కనీసం రాజమండ్రి చేరేది.

చివరికి ఎలాగో బయటపడి క్యాంపస్ మార్షస్ పార్కులో కూలబడ్డాం. 2004లో తెరిచిన చిన్న జాగా అది. కుర్చీలు, ఫౌంటెన్, చలికాలంలో మంచు మీద జారే మైదానం. మామగారు గంటసేపు కూర్చున్నా, ఏం కొంటారని ఒక్కరూ అడగలేదు. ఆయనకు ఆ 73 అంతస్తులకంటే ఈ కుర్చీయే నచ్చింది. పార్కు ఒక్కటే ఊరిని మార్చిందని నేను వాదించను, ఎందుకంటే 2003లోనే కంప్యూవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని శివారు నుంచి దాని పక్కకు తెచ్చింది. 2010లో ఇళ్ల రుణాలిచ్చే క్వికెన్ లోన్స్ కూడా నగరం నడిబొడ్డుకు వచ్చింది. అయినా ఆ ఉద్యోగులు మధ్యాహ్నం కిందికి దిగి నడవడానికి ఒక చోటుంది, కోటలో లేనిది అదే. జనరల్ మోటార్స్ కూడా 1996లో ఆ కోటను కొన్నాక దిబ్బలను తీసివేయించింది. మరి ఇంత జరిగినా 2013లో నగరపాలక సంస్థ దివాలా ఎందుకు తీసిందంటావా, ఆ నాలుగు వీధులూ దాటితే...

మామగారు తలుపు కొడుతున్నారు. రేపు మళ్లీ ఆ కోటకే పోదామట, ఈసారి గోడల మీద గుర్తులు పెట్టడానికి సుద్దముక్క తీసుకొని.

నీ
వంటశాల సాక్షి