ఈ ఆదివారం బడిలో ఓరియో బిస్కెట్లు: ఎందుకు, ఎలా

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మార్చి 6 శుక్రవారం అమెరికాలో ఓరియో దినం. డోనట్‌కీ, పాన్‌కేక్‌కీ ఒక్కో రోజు కేటాయించుకున్న దేశంలో మధ్యలో క్రీముండే ఈ నల్ల బిస్కెట్టుకీ ఒకటి ఉండటం వింతేమీ కాదు. ఇలాంటి రోజుల వెనక చాలావరకు అమ్ముకునేవాళ్ల లెక్కలే ఉంటాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా 8వ తేదీ ఆదివారం న్యూజెర్సీలోని మన తెలుగు బడిలో అన్ని తరగతుల పిల్లలకూ ఓరియోలు పంచబోతున్నాం. "తెలుగు బడిలో ఓరియో ఏమిటండీ, సున్నుండలు పెట్టించొచ్చుగా" అని కొందరు అమ్మలు అడిగారు. అడగాల్సిన మాటే అడిగారు.

పుస్తకంలో బొమ్మ చూపించి "ఇదేమిటి?" అంటే మన పిల్లలు ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకుంటారు. అదే పిల్లలు స్నాక్ టైమ్‌లో వేరేగా ఉంటారు. మొన్న వరండాలో రెండో తరగతి పిల్లలిద్దరు ఒకే క్రీము బిస్కెట్టు పంచుకుంటున్నారు. తిప్పి విడదీశారు. క్రీమంతా ఒకడి వైపుకే వచ్చేసింది. ఇక చూడాలి వాదన! ఇంగ్లీషులో మొదలై, టీచరుగారు అటుగా వస్తుంటే తెలుగులోకి దిగింది. "నువ్వు గట్టిగా తిప్పావు, అందుకే నీకొచ్చింది", "కాదు, అది ముందే నా వైపే అంటుకుని ఉంది". కారణం, ఫలితం, ఆరోపణ, సమర్థన అన్నీ తెలుగులోనే, ఎవరూ అందించకుండానే. ఆ వాదననే పాఠం చేయాలని మా టీచర్లు పట్టుబట్టారు. నేను సరేనన్నాను.

ఆ వాదనలో ఎవరిది ఒప్పు అన్నది నిజంగానే పరిశోధన జరిగిన విషయం. 2022లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు క్రిస్టల్ ఓవెన్స్, ఆమె సహచరులు ఓరియోల మీద ఒక పత్రం రాసి 'ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్' అనే పత్రికలో ప్రచురించారు. పేస్టులాంటి చిక్కటి పదార్థాలు ఎలా జారతాయో, ఎక్కడ తెగుతాయో కొలిచే యంత్రం ఒకటుంటుంది, దాన్ని రియోమీటర్ అంటారు. బిస్కెట్టు రెండు వైపులనూ ఆ యంత్రం పళ్లేలకు జిగురుతో అంటించి, రకరకాల వేగాలతో తిప్పి చూశారు. క్రీము రెండు బిళ్లలకూ సమానంగా పంచుకోబడటం దాదాపు ఎప్పుడూ జరగలేదు. నెమ్మదిగా తిప్పినా, వేగంగా తిప్పినా, క్రీము తక్కువున్నా, ఎక్కువున్నా అది ఒక్క బిళ్లనే పట్టుకుని ఉంది. పైగా ఒకే డబ్బాలోని బిస్కెట్లలో చాలావాటికి క్రీము ఒకే దిక్కున ఉండిపోయింది. అంటే ఇది మన చేతివాటం కాదు, తయారీలోనే ఉన్న సంగతి కావచ్చునన్నమాట. ఫ్యాక్టరీలో ముందు ఒక బిళ్ల మీద క్రీము వేసి, తర్వాత రెండోదాన్ని పైన అద్దుతారు. "ముందే నా వైపే అంటుకుని ఉంది" అన్న బుడతడి వాదనకు ఎంఐటీ బలం ఉంది!

ఖరీదైన యంత్రం అందరి దగ్గరా ఉండదు కదా అని వాళ్లు రబ్బరు బ్యాండ్లతో, చిల్లర నాణేలతో పనిచేసే చిన్న పరికరం ఒకటి త్రీడీ ప్రింటర్ మీద తయారుచేసి, దాని డిజైన్‌ను అందరికీ ఇచ్చేశారు. ప్రింటర్ ఉన్న నాన్నలెవరైనా ముందుకొస్తే సంతోషం. లేకపోయినా మన పిల్లలకు రెండు చేతులున్నాయి. ఒక్కొక్కరూ ప్యాకెట్లోంచి తీసేటప్పుడే పై వైపున చుక్క పెట్టుకుని, నెమ్మదిగా తిప్పి, క్రీము ఏ వైపు నిలిచిందో పట్టికలో రాస్తారు. తర్వాత తరగతి మొత్తం లెక్కలు బోర్డు మీద వేసి, ఎందుకలా జరిగిందో తెలుగులో చెప్పాలి. షరతు ఆ ఒక్కటే.

పెద్ద తరగతి వాళ్లకు త్రాసు ఇస్తున్నాం. డబుల్ స్టఫ్ అని అమ్మే రకంలో నిజంగా రెండింతల క్రీము ఉందా? న్యూయార్క్ రాష్ట్రంలో ఒక హైస్కూలు లెక్కల తరగతి 2013లో ఇదే తూచి చూసింది. వాళ్లకు వచ్చిన జవాబు 1.86 రెట్లు. ఆ వార్త దేశమంతా పాకింది. కంపెనీ మాత్రం తమ లెక్క ప్రకారం రెండింతలేనంది. మన పిల్లలకు ఎంత వస్తుందో చూద్దాం. కాకపోతే క్రీము గీకేటప్పుడు నాలుకలు వాడకూడదని గట్టిగా చెప్పాం, లేకపోతే లెక్క తగ్గుతుంది!

ఇంకో కారణం కూడా ఉంది. ఈ బిస్కెట్టు మన వాకిట్లోదే. 1912 మార్చి 6న ఓరియో మొదటిసారి అమ్ముడుపోయింది హోబోకెన్‌లో ఒక కిరాణా వ్యాపారికి. మనలో చాలామంది న్యూయార్క్ వెళ్లడానికి రోజూ పాత్ (PATH) రైలెక్కే న్యూజెర్సీ హోబోకెనే. అది తయారైంది హడ్సన్ నదికి అవతల, న్యూయార్క్ మన్‌హట్టన్‌లోని చెల్సీలో నేషనల్ బిస్కెట్ కంపెనీ ఫ్యాక్టరీలో. వారాంతాల్లో చుట్టాలొస్తే మనం తీసుకెళ్లే చెల్సీ మార్కెట్ ఆ ఫ్యాక్టరీ భవనమే. దగ్గర్లో 'ఓరియో వే' అని వీధి బోర్డు కూడా ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. ఆ తర్వాతి రోజుల్లో మన న్యూజెర్సీ ఫెయిర్ లాన్‌లో, 208 రూటు పక్కన, అదే కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ నడిచింది. 1958లో మొదలై 2021లో మూతపడింది. ఆ దారిన కారులో వెళ్లినవాళ్లకు బిస్కెట్లు కాలుతున్న వాసన గుర్తుండే ఉంటుంది.

పిల్లలకు బాగా నచ్చబోయే సంగతి ఒకటి దాచి ఉంచాను. ఓరియో మొదటిది కాదు. దీనికి నాలుగేళ్ల ముందే, 1908లో, హైడ్రాక్స్ అనే బిస్కెట్టు ఇదే రూపంలో వచ్చింది. రెండు నల్ల బిళ్లలు, మధ్య తెల్ల క్రీము. చివరికి లోకం దాన్నే నకలు అనుకుంది. మనలో చాలామంది చిన్నప్పుడు తిప్పి తిప్పి నాకిన బోర్బన్ కూడా 1910లో లండన్‌లో పుట్టినదే. ఇండియాకు ఓరియో వచ్చింది 2011లో మాత్రమే.

చిన్న తరగతి పిల్లలు బిస్కెట్టు మీది అచ్చును పెద్దగా చేసి గీస్తారు. 1952లో విలియమ్ టర్నియర్ అనే ఇంజనీరు గీసిన నమూనా ఇది. చుక్కలు, చుట్టూ నాలుగు రేకుల పూలు, దగ్గరగా చూస్తే సంక్రాంతి ముగ్గులాగే ఉంటుంది. పూలెన్నో, అంచు చుట్టూ గీతలెన్నో లెక్కపెట్టి తెలుగు అంకెల్లో చెప్పాలి. ఇరవై దాటాక మనవాళ్ల తెలుగు అంకెలు ఎలా తడబడతాయో మీకు తెలియంది కాదు.

ఇక గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఒక మనవి. దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతరపంటగా వేస్తారు. ఆ గింజలే ఈ ప్యాకెట్లోకి వస్తున్నాయని నేననడం లేదు, ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. కానీ చాక్లెట్టు కోకో కాయలోంచి వస్తుందని, లోపల గింజల చుట్టూ తెల్లటి తియ్యటి గుజ్జు ఉంటుందని, ఆ గుజ్జుతో సహా ఐదారు రోజులు అరిటాకుల కింద పులియబెట్టి ఎండబెడితే తప్ప చాక్లెట్టు వాసన రాదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మీ ఇంట్లో ఎవరికైనా తోట ఉంటే ఫొటోలు పంపండి. వీలైతే మీరే వచ్చి పది నిమిషాలు చెప్పండి. వీడియో కాల్‌లో తాతగారో అమ్మమ్మగారో చెప్తే మరీ మంచిది, అక్కడ రాత్రవుతుంది కాబట్టి ముందే అడిగి పెట్టుకోండి. ఓరియో అంత నల్లగా ఎందుకుంటుందో కూడా చూపిస్తాం. కోకో పొడిని క్షారంతో కలిపి శుద్ధి చేస్తే రంగు ముదురుతుంది. వేడినీళ్లలో మామూలు కోకో పొడి కలిపి చిటికెడు వంట సోడా వేస్తే మన కళ్ల ముందే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు తిండి సంగతి. మూడు ఓరియోల్లో 14 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే మూడున్నర చెంచాలు. రెండేళ్లు దాటిన పిల్లలకు విడిగా కలిపిన చక్కెర రోజంతా కలిపి 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్తుంది. అందుకని పిల్లకు రెండే బిస్కెట్లు. మూడోది అడిగితే ఇవ్వొద్దని వాలంటీర్లకు చెప్పాను, దయచేసి మీరూ బ్యాగులో పెట్టి పంపకండి.

శాకాహారులు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. ఒకప్పుడు ఓరియో క్రీములో పంది కొవ్వు ఉండేది నిజమే. 1990ల మధ్యలో దాన్ని తీసేశారు, ఇప్పుడు వాడేది మొక్కల నూనెలే. గోధుమ, సోయా ఉన్నాయి. పాలు కలపరు గానీ తయారీలో తగిలే అవకాశం ఉందని కంపెనీయే చెప్తుంది. గోధుమ పడని పిల్లలకు గ్లూటెన్ లేని ఓరియో విడిగా తెస్తున్నాం. ఏ అలర్జీ ఉన్నా, చిన్నదే కదా అనుకోకుండా, గురువారం రాత్రికల్లా తరగతి టీచరుకు వాట్సాప్ చేయండి. ఆదివారం పొద్దున గుమ్మం దగ్గర చెప్తే అందరికీ టెన్షన్.

రంజాన్ నెల నడుస్తోంది. ఉపవాసం ఉన్న పిల్లలు ప్రయోగంలో అందరితో పాటు పాల్గొంటారు, వాళ్ల బిస్కెట్లు మూతపెట్టిన డబ్బాలో ఇంటికి పంపిస్తాం. ఇది వేరుగా ఎవరికీ చెప్పనక్కర్లేకుండా అన్ని బల్లల మీదా డబ్బాలు పెడుతున్నాం. ఇష్టం లేని పిల్లలు కూడా తినకుండా తీసుకెళ్లొచ్చు.

బిస్కెట్లు బడి డబ్బుతోనే కొంటున్నాం. స్పాన్సర్ చేస్తామన్నవాళ్లకు ధన్యవాదాలు, బ్యానరు మాత్రం కుదరదు.

గడియారాలు ఆ ఆదివారం తెల్లవారుజామునే గంట ముందుకు జరుగుతాయి. ఏటా ఆ రోజు సగం తరగతి రెండో పీరియడ్‌కి వస్తుంది. ఈసారి ప్రయోగం మొదటి పీరియడ్‌లోనే పెట్టాం. గదులు అద్దెకు తీసుకున్నవి కాబట్టి కార్పెట్ మీద నల్ల పొడి మిగలకూడదు. చివర్లో ఊడ్చడానికి నలుగురు కావాలి, వాక్యూమ్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

ఉగాది మార్చి 19 గురువారం వచ్చింది, బడి కార్యక్రమం 22 ఆదివారం. పద్యాలు చెప్పే పిల్లలు 8వ తేదీ తరగతి అయ్యాక అరగంట రిహార్సల్‌కి ఆగాలి. ఆ అరగంటకు మాత్రం అరటిపండ్లు ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు